ఉప్పాడ ఎక్కడికి పోవాలి?

2025 అక్టోబరు 28. మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటేది ఆ రాత్రే. ఉప్పాడలో అప్పటికే కెరటాలు రాళ్లగట్టు ఎక్కి కాకినాడ బీచ్‌రోడ్డు మీద విరుచుకుపడుతున్నాయి. రాకపోకలు ఆపేశారు. అక్కడి మాయాపట్నం, సుబ్బంపేట, సూరాడపేట మత్స్యకారులకు ఇలాంటి రాత్రులు కొత్త కాదు. బోటు పైకి లాగాలి, వల చుట్టాలి, పిల్లల్నీ ముసలివాళ్లనీ పంపెయ్యాలి. ఆపైన ఇల్లు ఉంటుందా పోతుందా అన్నది కెరటం ఇష్టం. తుపాను లేని నెలల్లోనూ పున్నమికో అమావాస్యకో పోటెత్తిందంటే ఏదో ఒక గోడ కూలాల్సిందే.

తీరం ఇలా కోతకు గురికావడానికి కారణాలున్నాయి. గోదావరి మోసుకురావాల్సిన ఒండ్రు చాలావరకు ఎగువ ఆనకట్టల్లోనే ఆగిపోతోంది. కాకినాడ రేవు కట్టడాలు తీరం వెంట ఇసుక నడకను మార్చాయి. వీటికితోడు వేడెక్కుతున్న సముద్రం మట్టం పెరుగుతోంది. కోత ఆపడానికి 2010 ప్రాంతంలో ఇసుక నింపిన జియోట్యూబులు వేసి, రాళ్లు పోశారు. కాలక్రమంలో సంచులు చిరిగాయి, రాళ్లు జారాయి.

అలాస్కాలోనూ ఇదే కోత. అక్కడ ఒడ్డుకు కాపలా మంచుది. గడ్డకట్టిన నేల గట్టును పట్టి ఉంచేది. సముద్రం మీది మంచు పలక శీతాకాలపు తుపాను కెరటాల్ని దూరంగా ఆపేది. ఇప్పుడు ఆ నేల కరుగుతోంది, ఆ పలక ఆలస్యంగా కడుతోంది. నింగ్లిక్ నది ఒడ్డున న్యూటాక్ అనే యూపిక్ ఆదివాసుల పల్లెలో సుమారు 350 మంది ఉండేవారు. ఊరు ఖాళీ చేద్దామని 1990ల్లోనే అనుకున్నారు. తొలి కుటుంబాలు కొత్త ఊరు మెర్తార్విక్ చేరింది 2019లో, చివరివాళ్లు 2024 ఆఖర్లో. ఆ చోటును ఎంచుకున్నది ఊరివాళ్లే. చేపలకూ వేటకూ నీళ్లు అందుబాటులో ఉండాలన్నది వాళ్ల లెక్క.

ఇక మన దగ్గరికొస్తే, హైదరాబాద్ శివారు కొల్లూరులో 2023 జూన్‌లో ఒక్కచోటే 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించారు. అంటే ప్రభుత్వాలకు ఇళ్లు కట్టడం చేతకాని పనేం కాదు. కానీ నగరంలోని బస్తీ వదిలి అంత దూరం వచ్చినవాళ్లకు పొద్దున్నే పనికి వెళ్లాలంటే ఎంత కష్టమో కొల్లూరువాళ్లకు వేరే చెప్పాలా! ఉప్పాడ మత్స్యకారుడికి ఎక్కడో లోపల పట్టా ఇస్తే, అతని బోటుకు ఎవరు కాపలా? తీరానికి మరో రక్షణ గోడ కట్టాలని నిధులు విడుదల చేసే ముందు అధికారులు ఆ పేటల్లో కూర్చుని అడగాల్సింది ఇదే: పోవాల్సి వస్తే, ఏ రేవుకు దగ్గరగా ఉంటారు?