తపాలా సంచిలో డెత్ మెటల్

రైల్వే మెయిల్ సర్వీసులో రాత్రి డ్యూటీలు చేసి, ఉత్తరాలు విడగొట్టి రిటైరైనవాణ్ణి. డెత్ మెటల్ అనే భీకరమైన రాక్ సంగీతం వింటానంటే మా వీధిలో నవ్వుతారు. అలవాటు చేసింది మా అబ్బాయి. వాడు బ్యాండ్ల పేర్లు చెప్పాడు గానీ, వాటి చరిత్ర చదువుతుంటే నాకు అడుగడుగునా కనబడింది మాత్రం మా శాఖే. 1980లలో ఈ సంగీతాన్ని రేడియోలు దాదాపు ముట్టుకోలేదు, పెద్ద కంపెనీలు పట్టించుకోలేదు. మోసింది తపాలా సంచి. పెంచింది ఆ సంచిలో క్యాసెట్‌తో పాటు వెళ్లిన అభిప్రాయం.

పద్ధతి ఇదీ. కుర్రాళ్ల బ్యాండొకటి ఏ గ్యారేజీలోనో నాలుగు పాటలు రికార్డు చేస్తుంది. అది డెమో. దాన్ని సంపాదించినవాడు టేప్ రికార్డర్ మీద కాపీ తీసి, ఇంకో ఊళ్లోనో ఇంకో దేశంలోనో ఉన్న తనలాంటివాడికి పోస్టు చేస్తాడు. బదులుగా అవతలివాడి దగ్గరున్నది అడుగుతాడు. దీన్నే టేప్ ట్రేడింగ్ అన్నారు. ప్రతివాడి దగ్గరా ఒక జాబితా ఉండేది: ఏ బ్యాండు, ఏ డెమో, ఏ కచేరీ, రికార్డింగ్ ఎలా ఉంది. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ అయ్యేసరికి బుస్సుమనే చప్పుడు పెరిగి గొంతూ గిటారూ కలిసి ముద్దయ్యేవి. అందుకే రికార్డింగ్ బాగుందో లేదో నిజం చెప్పేవాడికే మర్యాద. కవరులో మిగిలిన చోటంతా జిరాక్స్ ఫ్లయర్లు కుక్కేవారు. అందుకున్నవాడు వాటిని తన తర్వాతి కవర్లలో పెట్టి ముందుకు సాగనంపేవాడు.

ఇక ఖర్చు. చాలామంది చదువుకునే పిల్లలు, విమానం టపాకు డబ్బులెక్కడివి? దానికో కిటుకు కనిపెట్టారు. స్టాంపు అంటించాక దాని మీద పల్చగా జిగురో సబ్బో రాసి ఆరబెట్టేవారు. ముద్ర తాలూకు సిరా కాగితంలోకి ఇంకకుండా ఆ పొర మీదే నిలబడుతుంది. అవతలివాడు స్టాంపును చుట్టూ కత్తిరించి, నీళ్లలో నానబెట్టి, పొరతో పాటు ముద్రనూ కడిగేసి తిరుగు టపాలో పంపేవాడు. ‘నా స్టాంపులు నాకు పంపు’ అన్నది ఆ ఉత్తరాల్లో మామూలు మాట. వాడిన స్టాంపు మళ్లీ అంటించడం మన దగ్గర నేరం, అక్కడా ఒప్పేమీ కాదు. సార్టింగ్ బల్ల ముందు కూర్చున్నవాడిగా చెబుతున్నాను: అలాంటి స్టాంపు మీద వేలు పెడితే తెలిసిపోతుంది. కానీ బండి వేళకు సంచి కట్టాల్సినవాడికి ఒక్కో కవరూ తడిమి చూసే తీరిక ఉండదు.

నీతిగా నడుచుకునేవారికి ఇంటర్నేషనల్ రిప్లై కూపన్ ఉండేది. 1906లో రోమ్‌లో జరిగిన ప్రపంచ తపాలా మహాసభ తెచ్చిన ఏర్పాటది. ఇక్కడ కొన్న కూపన్‌ను అక్కడి పోస్టాఫీసులో ఇస్తే జవాబుకు సరిపడా స్టాంపులిచ్చేవారు. మేం కౌంటర్లో ఏడాదికోసారైనా చూడని ఆ కూపన్లు ఈ పిల్లల మధ్య చిల్లర డబ్బుల్లా చెల్లాయి.

అసలు బాకీ మాత్రం వేరు. టేపు పంపినవాడికి కావలసింది, విన్నాక ఏమనిపించిందో రాయడం. వారాల తరబడి ఎదురుచూసి తెప్పించుకున్నది గనక నచ్చకపోయినా మళ్లీ మళ్లీ వినేవారు. రాయక తప్పదు గనక ఎందుకు నచ్చలేదో ఆలోచించేవారు. ఆ ఉత్తరాలు ముదిరి ఫ్యాన్‌జీన్లు, అంటే అభిమానులే అచ్చువేసుకునే పత్రికలు, అయ్యాయి. కత్తెర, జిగురు, టైప్ మిషను, జిరాక్స్: ఇంతే ప్రెస్సు. ప్రశ్నలు పోస్టులో వెళ్లేవి, బ్యాండు జవాబులు పోస్టులో వచ్చేవి, అదే ఇంటర్వ్యూ. నార్వేలో సార్ప్స్‌బోర్గ్ అనే చిన్న ఊళ్లో కూర్చుని, మెటాలియన్ అన్న పేరుతో యోన్ క్రిస్టియన్సెన్ 1985లో మొదలుపెట్టిన ‘స్లేయర్’ పత్రిక అలాంటిదే. ఫ్లోరిడా కుర్రాడు చక్ షుల్డినర్ బ్యాండు డెత్ తొలి ఆల్బమ్ 1987లో గానీ రాలేదు. కానీ 1984 నుంచే ఆ బ్యాండు డెమోల మీద దేశదేశాల్లో వాదనలు నడుస్తున్నాయి.

పోస్టులో ఏమేం వెళ్లేవో చెప్పాలంటే మేహెమ్ కథ చాలు. స్వీడన్ గాయకుడొకడు ఆ నార్వే బ్యాండుకు తన డెమో, ఉత్తరం, శిలువ వేసిన చచ్చిన ఎలుక కలిపి పార్సెల్ చేశాడని చెబుతారు. 1988లో అతన్ని చేర్చుకున్నారు. ఆ పార్సెల్ విడగొట్టిన ఉద్యోగి ముక్కు మూసుకునే ఉంటాడు. ఆ బృందంలోనే అభిప్రాయం శాసనంగా మారింది. మేహెమ్ గిటారిస్టు యూరోనిమస్ 1991లో ఓస్లోలో హెల్వెటె అనే దుకాణం తెరిచి, ఫ్లోరిడా, స్వీడన్ డెత్ మెటల్‌ను వట్టి ఫ్యాషన్ అని ఈసడించాడు. ఏది అసలు, ఏది నకిలీ అన్న పట్టింపు పాటల దగ్గర ఆగలేదు. 1992లో ఆ దుకాణం చుట్టూ చేరినవాళ్లు నార్వేలో చర్చీలు తగలబెట్టారు, 1993లో యూరోనిమస్‌నే ఆ చుట్టూ తిరిగిన మరో సంగీతకారుడు పొడిచి చంపాడు.

నాకు ఇష్టమైన కథ మాత్రం రిపల్షన్‌ది. మిషిగన్‌లో కార్ల ఫ్యాక్టరీల ఊరు ఫ్లింట్. అక్కడి ఈ బ్యాండు 1986లో ఒక ఆల్బమంత రికార్డు చేసింది. తీసుకునే కంపెనీ లేదు, బ్యాండు చెదిరిపోయింది. టేపు మాత్రం చేతులు మారుతూ ఇంగ్లండ్ చేరింది. నాపామ్ డెత్, కార్కస్ కుర్రాళ్లు దాన్ని అరిగేదాకా విని, ఆ వేగాన్ని తమ పాటల్లోకి తెచ్చుకున్నారు. చివరికి 1989లో కార్కస్‌కు చెందిన బిల్ స్టీర్, జెఫ్ వాకర్ నాటింగ్‌హామ్ కంపెనీ ఇయరేక్ కింద నెక్రోసిస్ అనే చిన్న లేబుల్ పెట్టి, ఆ టేపునే ‘హారిఫైడ్’ పేరుతో ఆల్బమ్‌గా విడుదల చేశారు. శ్రోతల అభిప్రాయం మూడేళ్లు తిరిగి, మూతపడ్డ బ్యాండుకు రికార్డు ఇప్పించింది. గొడవ పడ్డా తిట్టుకున్నా, ఈ అభిమానుల మాటకు అంత చెల్లుబాటు ఉండేది.

అందుకని ‘హారిఫైడ్’ మీద నా మాటా రాస్తున్నాను. పద్దెనిమిది పాటలు, అరగంట లోపే. స్కాట్ కార్ల్‌సన్ బేస్ గిటారు పిండిమరలా గరగరలాడుతుంది, అదే ఈ ఆల్బమ్‌కు ప్రాణం. మాటలు శవాలూ పురుగులూ దాటవు, అక్కడ నాకు విసుగు. డెబ్బై శాతం బాగుంది, ఆ డెబ్బై శాతానికి సాటి వచ్చేది నాపామ్ డెత్ తొలి ఆల్బమ్‌లో కూడా లేదంటాను. మా అబ్బాయి ఒప్పుకోడు.