కారు తుడిచే గుడ్డకో కథ

మొన్న ఆదివారం కారు కడిగి, ఐదొందలు పోసి కొన్న మైక్రోఫైబర్ టవల్‌తో తుడుస్తుంటే అది నీళ్ళు పీల్చకుండా అటూ ఇటూ నెట్టుతోంది. పక్కనే నిలబడి చూస్తున్న మా నాన్న "దీనికన్నా నా పాత పంచె నయం కదరా" అన్నారు. ఒళ్ళు మండింది, కానీ ఆయనన్నది నిజమే! తప్పెక్కడుందా అని తవ్వుతూ పోతే దాని పుట్టుక దాకా వెళ్ళాల్సొచ్చింది.

పూర్వం విదేశాల్లో కార్లు తుడవడానికి షామీ తోలు వాడేవాళ్ళు. ఆల్ప్స్ కొండల్లో తిరిగే మేకలాంటి జంతువు పేరది. తర్వాత్తర్వాత గొర్రె తోలుకే చేపనూనె పట్టించి షామీ అని అమ్మారు.

మైక్రోఫైబర్‌కి మాత్రం మొదట్లో తుడవడంతో సంబంధమే లేదు. 1970లో జపాన్‌లోని టోరే కంపెనీ శాస్త్రవేత్త మియోషి ఒకమోతో తయారుచేసింది నకిలీ తోలు! ఒక ప్లాస్టిక్ మధ్యలో ఇంకో ప్లాస్టిక్ పోగుల్ని ఇరికించి దారంగా లాగి, ఆ తర్వాత చుట్టూ ఉన్నదాన్ని కరిగించేశారు. 'సముద్రంలో దీవులు' అంటారు ఈ పద్ధతిని. అలా మిగిలిన సన్నటి పోగులతో చేసిన బట్ట అచ్చం మెత్తటి తోలులా ఉంది. అదే అల్ట్రాస్వేడ్. 1972లో అమెరికన్ డిజైనర్ హాల్‌స్టన్ దాంతో కుట్టిన డ్రెస్ అక్కడ పెద్ద హిట్టు.

ఇంత సన్నటి పోగులు మురికిని కూడా బాగా పట్టేస్తాయి కదా... 1980ల్లో జపాన్ కంపెనీలు కళ్ళద్దాలు తుడిచే గుడ్డలు తెచ్చాయి. ఆ తర్వాత కార్ల వంతు. తోలుని అనుకరించబోయిన బట్ట చివరికి షామీ తోలుకే ఎసరు పెట్టిందన్నమాట!

ఇంతకీ ఎంత సన్నం? 9 కిలోమీటర్ల పోగు 1 గ్రాము కూడా తూగకూడదు. (మా ఇంటి నుంచి ఆఫీసుకి దాదాపు అంత దూరం.) తుడిచే టవళ్ళలో పాలిస్టర్, నైలాన్ కలిపి తీసిన పోగుని బత్తాయి తొనల్లా చీలుస్తారు. పాలిస్టర్ స్వతహాగా నీళ్ళు తాగదు. నీళ్ళు నిలిచేది ఆ చీలికల మధ్య సందుల్లోనే. కాబట్టి కొనేటప్పుడు పొడి చేత్తో తడిమి చూడండి. చర్మానికి కాస్త పట్టుకుంటుంటే పోగు చీల్చినట్టే. నున్నగా జారిపోతుంటే లేబుల్ మీద ఏం రాసున్నా వదిలేయండి. తడి ఆరబెట్టడానికైతే చదరపు మీటరుకి 500 గ్రాములు, ఆ పైన ఉన్న మందపాటి రకం మేలు.

నా టవల్ సంగతంటారా? మెత్తగా ఉంటుందని ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ పోసి ఉతికింది నేనే. ఆ జిడ్డు సందుల్ని పూడ్చేసింది! గోరువెచ్చటి నీళ్ళలో ఉత్త డిటర్జెంట్‌తో రెండుసార్లు ఉతికి, నీడలో ఆరేశాను. ఈ ఆదివారం బానెట్ మీద ఒక్క చుక్క మిగిల్తే ఒట్టు.

నాన్న పంచె మాట ఎత్తలేదు. అలాగని మెచ్చుకోనూ లేదనుకోండి :)