చెప్పుల షాపు గుమాస్తా చేసిన మాండలిన్



మొన్న దింపు తీసేవాళ్లు వస్తామని రాలేదు. తోటలో మంచమేసుకుని ఫోన్లో మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారి కచేరీ పెట్టుకున్నాను. మనవడొచ్చి "ఇది గిటారా తాతా?" అన్నాడు. కాదురా, మాండలిన్ అన్నాను. "దీన్నెవరు కనిపెట్టారు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆ పూట మొదలెట్టి దొరికిందల్లా చదివాను. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాండలిన్ పుట్టిల్లు ఇటలీ. అక్కడ నేపుల్స్ ఊళ్లో వినాచియా అనే కుటుంబం తరతరాలుగా ఇవే చేసేది. వాళ్ల మాండలిన్ వీపు బుర్రలాగా గుండ్రంగా ఉంటుంది. సన్నటి చెక్కబద్దీలు వేడిచేసి వంచి, పక్కపక్కన అతికిస్తారు. వలస వెళ్లిన వాళ్లతో అది అమెరికా చేరింది. అక్కడి పల్లెటూరి వాళ్లు దానికి బంగాళాదుంప పురుగు అని పేరు పెట్టారు. మన వంగతోటలో అక్షింతల పురుగు ఉంటుంది చూడండి, దాని లాగే గుండ్రటి పురుగు, కాకపోతే చుక్కల బదులు వీపు మీద నిలువు చారలు. బంగాళాదుంప చేలకు చేలే తినేసేదది. వ్యవసాయం చేసేవాడికి దేన్ని చూసినా పురుగే గుర్తొస్తుంది మరి, మనం మాత్రం తక్కువా!

ఇప్పుడు అసలు మనిషి. పేరు ఆర్విల్ గిబ్సన్. 1856లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. తర్వాత మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ అనే ఊరికి చేరాడు. అక్కడ చెప్పుల షాపులో గుమాస్తా, కొన్నాళ్లు హోటల్లో పని. పని అయ్యాక ఇంటి దగ్గర చెక్క చెక్కుకునేవాడు. ఆయనకు ఒక పట్టుదల ఉండేది. వంచిన చెక్క మీద ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది, అది మనసారా మోగదు అని. అందుకని మాండలిన్‌ను వయొలిన్ లాగా చెయ్యడం మొదలెట్టాడు. పైపలక, వీపుపలక రెండూ దళసరి చెక్కలోంచి ఉలితో తొలిచి, మధ్యలో ఉబ్బెత్తుగా, అంచులకు పల్చగా దించేవాడు. పక్కలు కూడా వంచకుండా నిండు చెక్కలోంచి రంపంతో వంపు తిరిగేలా కోసేవాడు. మెడలో కొంత భాగం డొల్ల చేసేవాడు, అక్కడ కూడా గాలి ఆడి శబ్దం పెరుగుతుందని.

ఉబ్బు ఎందుకంటే, ఇనప తీగలు ఎనిమిది బిగిస్తే ఆ బరువంతా గుర్రం మీదుగా పైపలక మీద పడుతుంది. పలక బల్లపరుపుగా ఉంటే కుంగుతుంది, కింద దుంగలు పెట్టి మొయ్యాలి. మన కాలవ తూము మీద ఆర్చి కడితే బండి బరువును అదే మోసినట్టు, ఉబ్బు ఉన్న పలక దానంతటదే మోస్తుంది. 1898 ఫిబ్రవరి 1న ఆయనకు పేటెంటు వచ్చింది, నంబరు 598245.

గిరాకీ పెరిగింది, ఒక్కడి చేతుల మీద జరిగే పని కాదది. 1902లో ఆ ఊరి పెద్దమనుషులు అయిదుగురు కలిసి కంపెనీ పెట్టారు. కంపెనీకి పేరు గిబ్సన్‌ది. భాగస్తుల్లో గిబ్సన్ లేడు. పేటెంటుకు 2,500 డాలర్లు ఇచ్చారు. కొన్నాళ్లు పని నేర్పించాడు, తర్వాత బయటికొచ్చేశాడు. 1908 నుంచి ఏటా 500 డాలర్లు ముట్టేవి. ఆరోగ్యం చెడి, ఆసుపత్రుల చుట్టూ తిరిగి, 1918లో మానసిక ఆసుపత్రిలోనే పోయాడు.

మోసం జరిగిందని నేననను. సంతకం ఆయనే పెట్టాడు, ఆ రోజుల్లో 2,500 డాలర్లు చిన్న సొమ్మూ కాదు. కానీ కళ్లంలోనే ధాన్యం తూచి ఇచ్చేసి, తర్వాత రేటు విన్నవాళ్లకి ఆ బాధ తెలుస్తుంది. ఇంకోటేంటంటే, ఆయన వంచకూడదన్న పక్కల్ని కంపెనీ వంచడం మొదలెట్టింది. వాళ్లనీ తప్పుపట్టలేం. నిండు చెక్కలోంచి కోస్తే సగానికి పైగా పొట్టు కింద పోతుంది, నార అడ్డం తిరిగిన చోట చీలుతుంది. పలకల విషయంలో మాత్రం ఆయన మాటే నిలబడింది. చెక్కిన ఉబ్బు పలక ఈ రోజుకీ అలాగే ఉంది.

1919లో ఆ కంపెనీలోకి లాయిడ్ లోర్ అనే వాయిద్యకారుడు వచ్చాడు. 1922లో ఎఫ్-5 అనే మాండలిన్ తెచ్చాడు. గుండ్రటి రంధ్రం బదులు వయొలిన్ మీద ఉండే రెండు పొడుగాటి రంధ్రాలు పెట్టించాడు. పలకను వేలితో తట్టి, స్వరం వినుకుంటూ పల్చన చేయించేవాడు. మనం కొబ్బరికాయ తట్టి ముదురో లేతో చెప్పమూ, అదే విద్య. తనిఖీ అయ్యాక లోపల కాగితం మీద సంతకం పెట్టేవాడు. అప్పట్లో అవి పెద్దగా అమ్ముడుపోలేదు. 1924 చివర్లో ఆయనా వెళ్లిపోయాడు. ఆ సంతకం ఉన్న మాండలిన్ ఇప్పుడు లక్ష డాలర్ల పైమాటే.

వాటిలో ఒకటి, 1923 జులై 9న సంతకమైనది, 1940ల్లో ఫ్లోరిడాలో ఒక క్షౌరశాలలో అమ్మకానికి కనబడింది. 150 డాలర్లకు కొన్నాయన బిల్ మన్రో. కెంటకీ రైతు కుటుంబంలో ఆఖరివాడు. అన్నలు ఫిడేలు, గిటారు తీసేసుకుంటే ఇతనికి మిగిలింది మాండలిన్. గట్టిగా మోగకూడదని నాలుగు తీగలే వేసుకోమన్నారట! మన శ్రీనివాస్ గారు మాత్రం కావాలనే జంట తీగలు తీయించి, కరెంటు మాండలిన్‌కి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే ఈ పిల్లాడు దాన్ని తీగల మీద పట్టుకునేవాడు. 1978లో గుడివాడలో మొదటి కచేరీ చేసేనాటికి నిండా పదేళ్లు లేవు.

మన్రో దగ్గరికి వద్దాం. ఒకసారి మరమ్మతుకు కంపెనీకి పంపితే, చెప్పినవన్నీ చెయ్యకుండా తిప్పి పంపారు. కోపమొచ్చి కత్తి తీసుకుని తల మీద ఉన్న గిబ్సన్ అనే అక్షరాలు చెక్కిపారేశాడు. ఏళ్ల తరబడి అలాగే వాయించాడు. 1980లో రాజీపడ్డాక మళ్లీ పేరు వేయించుకున్నాడు. 1985 నవంబరులో ఎవడో ఇంట్లో జొరబడి దాన్ని బద్దలు కొట్టాడు. ఆ పేళ్లన్నీ సంచిలో ఏరి, చార్లీ డెరింగ్టన్ అనే పనివాడి దగ్గర పెట్టారు. అతను భూతద్దం పెట్టుకుని పేడు పేడు వెతుక్కుంటూ నెలల తరబడి కూర్చుని అతికించాడు. 1996లో పోయేవరకూ మన్రో దగ్గర ఉన్నది అదే.

మనవడికి ఇదంతా చెప్తే, "మరి ఆ చెప్పుల షాపు తాతకి తెలుసా?" అన్నాడు. ఆయన అప్పటికి పోయి చాలా ఏళ్లయిందిరా అన్నాను. దింపువాళ్లు రేపొస్తామన్నారు, చూడాలి.