గేరు కుదుపు: విశాఖపట్నంలోని చిన్న ఆటోమేటిక్ కార్లు

ఆటోమేటిక్ కారు ఒక గేరు నుంచి మరో గేరుకు మారే క్షణంలో చక్రాలకు అందే బలం చప్పున తగ్గి, తిరిగి చప్పున అందినప్పుడు లోపల కూర్చున్నవారి తలలు ముందుకు వాలి వెనక్కి ఊగే స్థితిని గేరు కుదుపు అంటారు. మెకానిక్కుల వాడుకలో ఇది ‘జర్క్ కొట్టడం’. దీనికి దగ్గరగా ఉండే మరో లక్షణం వణుకు. బండి కదలబోయే సమయంలో నేల నుంచి సీటు దాకా గడగడమని పాకే ఈ అదురుకు, గేరు మారేటప్పుడు ఒక్కసారి తగిలే కుదుపుకు కారణాలు చాలావరకు వేరు కనుక, ఏది ఎప్పుడు వస్తున్నదో గుర్తుపట్టడమే మరమ్మతులో మొదటి మెట్టు. కుదుపు కనిపించగానే గేరుబాక్సు పాడైందని నిశ్చయించుకుని దాన్ని దింపించడం తరచూ జరిగే పొరపాటు. చిన్న కార్లలో దోషం పళ్లచక్రాల్లో ఉండే సందర్భాలు తక్కువ; వాటి చుట్టూ ఉన్న క్లచ్చిలోనో, విద్యుత్తు తీగల్లోనో, ఇంజన్‌లోనో ఉండే సందర్భాలు ఎక్కువ.

భారతదేశంలో చిన్న ఆటోమేటిక్ కారు సామాన్య కుటుంబానికి అందుబాటులోకి వచ్చింది 2014లో. ఆ ఏడాది ఫిబ్రవరిలో మారుతి సుజుకి విడుదల చేసిన సెలెరియోలో, అంతకుముందు ఖరీదైన కార్లలో ఉండే ద్రవ యంత్రానికి బదులు, మామూలు గేరుబాక్సుకే యాంత్రిక చేతులు తగిలించిన ఏఎంటీ పద్ధతిని వాడారు. ఇటలీ సంస్థ మాగ్నేటి మారెల్లి అందించిన ఈ పరికరం వల్ల ధర పెద్దగా పెరగలేదు, మైలేజీ తగ్గలేదు. 2015లో టాటా నానో, 2016లో రెనో క్విడ్, 2018లో హ్యుందాయ్ శాంత్రో అదే దారి పట్టాయి. ఈ నాలుగు తయారీలలోనూ కొనుగోలుదారు మొదట అడిగే ప్రశ్న ఒకటే అయింది: గేరు మారేటప్పుడు బండి ఎందుకు ఊగుతున్నది?

జవాబు ఆ పద్ధతి నిర్మాణంలోనే ఉన్నది. ఏఎంటీ కారులో క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మామూలు గేర్ల కారులో ఉన్నట్టే ఉంటాయి. లేనిది క్లచ్ పెడల్ మాత్రమే. ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని టీసీయూ అనే కంప్యూటరు ఆజ్ఞల మీద నడిచే యాక్చువేటర్లు చేస్తాయి. గేరు మార్చాలని నిశ్చయించుకోగానే ఆ కంప్యూటరు ముందు ఇంజన్ బలాన్ని తగ్గిస్తుంది, తర్వాత క్లచ్చిని విడదీస్తుంది, ఉన్న గేరును తప్పించి కొత్త గేరును పడవేస్తుంది, ఆపైన క్లచ్చిని మెల్లగా కలిపి ఇంజన్‌కు మళ్లీ బలమిస్తుంది. ఈ పనులన్నీ జరిగే కొద్దిపాటి వ్యవధిలో చక్రాలకు ఇంజన్‌తో సంబంధమే ఉండదు కాబట్టి, యాక్సిలరేటర్ ఎంత బలంగా తొక్కి ఉంటే ఆ ఖాళీ అంత గట్టిగా తెలుస్తుంది. మొదటి గేరు నుంచి రెండుకు మారేటప్పుడు ఊపు మరీ ఎక్కువగా ఉండటానికి గేర్ల నిష్పత్తి కారణం: మొదటి గేరు నిష్పత్తి 3.5, రెండోది 1.9 ఉన్న కారులో నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్న ఇంజన్ గేరు మారగానే సుమారు 1600 చుట్లకు దిగిరావాలి. అదే మూడు నుంచి నాలుగుకు మారేటప్పుడు ఈ దిగుడు అందులో సగమే ఉంటుంది. అందుచేత కొత్త కారులో సైతం కొంత ఊపు సహజం. గేరు మారబోతున్నదని తెలియగానే యాక్సిలరేటర్ మీది పాదాన్ని ఒక క్షణం తేలిక చేసేవారికి ఆ ఊపు దాదాపు తెలియదు. మామూలు గేర్ల కారు నడిపినవారికి ఈ అలవాటు కాలిలోనే ఉంటుంది. పట్టించుకోవలసింది పోయిన నెల లేని కుదుపు ఈ నెల వచ్చినప్పుడు, లేదా రివర్సులోనూ నిదానంగా పోయేటప్పుడూ కూడా తగులుతున్నప్పుడు.

విశాఖపట్నం రోడ్ల మీద క్లచ్చికి పడే శ్రమను మైదాన ప్రాంతపు పట్టణాలతో పోల్చరాదు. కొండలకూ సముద్రానికీ నడుమ ఇరుకున పెరిగిన ఈ నగరంలో వాల్తేరు అప్‌ల్యాండ్స్ నుంచి బీచ్ రోడ్డుకు దిగే వీధులు, కైలాసగిరి, సింహాచలం కొండదారులు, 350 మీటర్లకు పైగా ఎత్తున్న డాల్ఫిన్ నోస్ కొండను దాటి యారాడకు దింపే ఘాట్ రోడ్డు ఊరి నిత్యజీవితంలో భాగాలే. దీనికి తోడు 1933లో ప్రారంభమైన ఓడరేవుకు పోయే కంటైనర్ లారీలు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం నుంచి ఇనుప చువ్వలు మోసుకొచ్చే ట్రైలర్లు గాజువాక, కూర్మన్నపాలెం, షీలానగర్ మీదుగా సాగుతూ, షిఫ్టు మారే వేళ ఉద్యోగుల వాహనాలతో కలిసిపోతాయి. అడుగు కదలడం, ఆగడం, మళ్లీ అడుగు కదలడం అనే ఆ నడకలో ఏఎంటీ కారు క్లచ్చి ప్రతిసారీ కొంత జారుతూ, అంటే మామూలు కారు డ్రైవరు ‘హాఫ్ క్లచ్’ అనే స్థితిలో, పనిచేస్తుంది.

అసలు నష్టం జరిగేది ఎత్తు మీద ఆగినప్పుడు. బండి వెనక్కి జారకుండా బ్రేకుకు బదులు యాక్సిలరేటర్‌ను కొద్దిగా నొక్కి పట్టుకుంటే ఇంజన్ బలమంతా క్లచ్ ప్లేటు మీద రాపిడిగా, వేడిగా మారుతుంది. నిమిషంలోపే మాడు వాసన కారు లోపలికి వస్తుంది. అలా పలుమార్లు వేడెక్కిన ప్లేటు పైపొర గాజులా నున్నబడి, పట్టవలసిన చోట పట్టక, పట్టినప్పుడు ఒక్కసారిగా పడుతుంది. వణుకు పుట్టేది అక్కడే. బ్రేకు నొక్కి ఉంచినప్పుడు ఏఎంటీ కారు క్లచ్చిని తనంతట తానే పూర్తిగా విడదీసుకుంటుంది కాబట్టి ఎత్తు మీద ఆగినవారు బ్రేకు మీదనో, హ్యాండ్ బ్రేకు మీదనో నిలవడం ప్లేటు ఆయుష్షును కాపాడుతుంది. ఎక్కువసేపు ఆగవలసి వస్తే న్యూట్రల్‌లో పెట్టడం మేలు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ మీదుగా అరకు పోయేవారు మాన్యువల్ మోడ్‌లో రెండో గేరును పట్టి ఉంచితే, ప్రతి మలుపులోనూ రెండుకూ మూడుకూ మధ్య ఊగిసలాడే కంప్యూటరును ఆ తడబాటు నుంచి తప్పించినవారవుతారు. దిగేటప్పుడు అదే గేరు బ్రేకులకూ సాయం చేస్తుంది.

క్లచ్చి తర్వాత చూడవలసింది విద్యుత్తు. మెకానిక్కులు కూడా తరచూ దాటవేసే ఈ విషయం సముద్రపుటొడ్డు ఊరికి మరీ ముఖ్యం. మారెల్లి తరహా ఏఎంటీలో ఒక చిన్న విద్యుత్ పంపు ప్రత్యేకమైన నూనెను ఒత్తిడితో ఒక నిల్వపాత్రలో నింపి ఉంచుతుంది. క్లచ్చిని విడదీసేదీ, గేరును తోసేదీ ఆ ఒత్తిడే. డ్రైవరు తలుపు తీయగానే బానెట్ కింద రెండు మూడు సెకన్ల పాటు వినిపించే సన్నని గుర్రుమనే చప్పుడు ఆ పంపుదే. బండి నిలిచి ఉండగా, గేరు ఏమీ మార్చకుండానే ఆ చప్పుడు మాటిమాటికీ వస్తున్నదంటే ఒత్తిడి ఎక్కడో జారిపోతున్నదని గాని, నిల్వపాత్ర బలహీనపడిందని గాని భావించాలి. పంపుకు ప్రాణం పన్నెండు వోల్టుల బ్యాటరీ. సెల్ఫ్ తిప్పగలిగినంత శక్తి ఉన్న బ్యాటరీ కూడా పంపుకూ, కంప్యూటరుకూ, సెన్సర్లకూ నిలకడైన వోల్టేజిని ఇవ్వలేకపోవచ్చు. అప్పుడు గేరు ఆలస్యంగా పడుతుంది, క్లచ్చి తడబడుతూ కలుస్తుంది, బండి కుదుపుతుంది.

ఈ సత్యాన్ని మోటారు పందేల ప్రపంచం ముందే నేర్చుకుంది. ఈ ఏఎంటీలకు పూర్వరూపమనదగిన విద్యుత్-ద్రవ గేరుబాక్సును 1989లో జాన్ బర్నార్డ్ రూపకల్పనలో ఫెరారీ 640 కారుకు అమర్చారు. ఆ ఏడాది మార్చిలో బ్రెజిల్‌లో జరిగిన మొదటి పందెంలోనే నైజెల్ మాన్సెల్ దానితో గెలిచాడు. తరువాతి పందేల్లో ఆ కార్లు వరుసగా ఆగిపోతుంటే నింద గేరుబాక్సు మీద పడింది. చివరికి తేలింది వేరు: ఇంజన్ అదురుకు ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు ఊడిపోవడంతో గేరుబాక్సుకు విద్యుత్తు అందడం లేదు.

విశాఖలో బెల్టు కన్నా ఉప్పుగాలి బలమైన శత్రువు. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, పాత పోస్టాఫీసు, సింధియా ప్రాంతాల్లో ఆరుబయట నిలిపే కార్ల బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగానో, పచ్చనీలిగానో పొడి పేరుకోవడం, బ్యాటరీ నుంచి బాడీకీ గేరుబాక్సు పెంకుకూ పోయే ఎర్త్ తీగ బోల్టు కింద తుప్పు పట్టడం నిత్యం చూసేవే. పైకి తీగ బిగువుగానే ఉంటుంది; బోల్టు విప్పితే గాని కింద గోధుమరంగు తుప్పు పొర కనిపించదు. పరీక్ష సులువు: కారు రాత్రంతా నిలిచి ఉన్నాక మల్టీమీటరులో సుమారు 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.5 వోల్టుల దాకా చూపాలి. ఆపైన హెడ్‌లైట్లు, ఏసీ వేసి, మీటరు ఒక మొనను బ్యాటరీ నెగటివ్ కొన మీద, రెండో మొనను గేరుబాక్సు పెంకు మీద శుభ్రమైన లోహానికి ఆనిస్తే దాదాపు సున్నా రావాలి, 0.2 వోల్టు దాటితే ఎర్త్ దారిలో తుప్పు ఉన్నట్టే. నెగటివ్ తీగను ముందు విప్పి, వేడినీటితో, ఇనుప బ్రష్షుతో శుభ్రం చేసి, ఆరాక బిగించి పైన పలుచగా వాసలిన్ పూస్తే చాలు. ఇంత చిన్న పనితో పోయే కుదుపుకు క్లచ్చి మార్చిన ఉదంతాలు వినడం బాధ కలిగిస్తుంది.

ఇంజన్ దోషాలు గేరు దోషాల వేషంలో వస్తాయి. అరిగిన స్పార్క్ ప్లగ్గు, బలహీనమైన ఇగ్నిషన్ కాయిల్, మసి పట్టిన థ్రాటిల్ బాడీ వల్ల ఇంజన్ తడబడితే, కంప్యూటరు అడిగిన బలం అడిగిన క్షణంలో రాదు. రబ్బరు చిట్లిన ఇంజన్ మౌంటింగ్ ఉంటే సహజమైన ఊపు కూడా దెబ్బలా తగులుతుంది. బ్రేకు గట్టిగా నొక్కి ‘డీ’ నుంచి రివర్సుకు మార్చినప్పుడు ఇంజన్ దభీమని పక్కకు ఒరిగితే అనుమానం మౌంటింగ్ మీదికి పోవాలి.

తక్కిన ఆటోమేటిక్ రకాలు వేరే సూత్రం మీద నడుస్తాయి. టార్క్ కన్వర్టర్ అనేది క్లచ్చికి బదులు నూనె ప్రవాహంతో బలాన్ని అందించే పరికరం. ఓడరేవు నగర పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతేమిటంటే ఇది పుట్టింది కార్ల కోసం కాదు, ఓడల కోసం. జర్మనీకి చెందిన హెర్మన్ ఫాటింగర్ స్టెటిన్‌లోని వుల్కన్ నౌకానిర్మాణ కేంద్రంలో పనిచేస్తూ, ఆవిరి టర్బైన్ వేగాన్ని ఓడ పంకాకు తగినట్టు తగ్గించడానికి 1905లో దీనికి పేటెంటు పొందాడు. ఈ రకం పెట్టెలో కుదుపు వస్తే మొదట నూనె చూడాలి: కొత్తది ఎర్రగా, తేటగా ఉంటుంది, చెడినది గోధుమరంగు తిరిగి మాడు వాసన కొడుతుంది. కంపెనీ చెప్పిన రకం నూనె తప్ప మరొకటి పోయరాదు. సీవీటీ అనే మరో రకంలో గేర్లే ఉండవు కనుక గేరు మారే కుదుపు ఉండదు. వణుకు వస్తే నూనె, బెల్టు చూడవలసినవి.

రెండు క్లచ్చిల డీసీటీ రకంలో దోషం నిర్మాణంలోనే ఉన్న ఉదాహరణ ఒకటి ప్రసిద్ధం. ఫియెస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లలోని పవర్‌షిఫ్ట్ గేరుబాక్సు వణుకుపై ఆస్ట్రేలియా కొనుగోలుదారులు ఫిర్యాదు చేసినప్పుడు, లోపం కారులో ఉన్నదని తెలిసి కూడా వారి డ్రైవింగు తీరే కారణమని కొందరికి చెప్పినందుకు ఫోర్డ్ ఆస్ట్రేలియాకు ఆ దేశపు ఫెడరల్ కోర్టు 2018లో కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించింది. నడిపే తీరు మారితే తగ్గే కుదుపు ఉన్నది, తగ్గనిదీ ఉన్నది. రెండో దాన్ని యజమాని మీదికి నెట్టడం అన్యాయం. అందువల్ల వారంటీ కాలంలో కుదుపు ఏ గేరులో, ఎంత వేగం వద్ద, చల్లని ఇంజన్‌తోనా వేడి ఇంజన్‌తోనా వచ్చిందో తేదీతో రాసి ఉంచుకుని, దాన్ని జాబ్ కార్డులో ఎక్కించమని కోరడం వినియోగదారుని హక్కు.

క్లచ్చి మార్చక తప్పనప్పుడు ప్లేటు ఒక్కటే కాక ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కలిపి మార్చడం మంచిది. పాత ప్లేటు మీద నూనె మరక ఉంటే క్రాంక్ షాఫ్ట్ వెనుక సీలునో, గేరుబాక్సు సీలునో కూడా మార్చాలి, లేకుంటే కొత్త ప్లేటుకూ అదే గతి. ఆ తర్వాతి పని స్కానరుది. కొత్త ప్లేటు మందంగా ఉంటుంది గనుక అది పట్టుకునే బిందువు పాతదానికన్నా భిన్నమైన చోట ఉంటుంది. ఆ బిందువును కంప్యూటరుకు మళ్లీ నేర్పే ప్రక్రియను స్కానరుతో పూర్తిచేయకుండా బండిని అప్పగిస్తే, పాత కొలతతోనే క్లచ్చిని కలిపే కారు కొత్త విడిభాగాలతో పాత కుదుపే కొడుతుంది. గాజువాక ఆటోనగర్‌లో పని చేయించుకున్నా, కంపెనీ సర్వీసు సెంటరులో చేయించుకున్నా, బిల్లు చెల్లించే ముందు ఈ నేర్పుడు జరిగిందా అని అడిగి, ఇంజన్ వేడెక్కాక ఒక ఎత్తు మీద ఆపి కదిలించి, రివర్సులో నిదానంగా పోనిచ్చి, ఒకటి నుంచి రెండుకు నాలుగైదుసార్లు మార్పించి చూడాలి.