ప్రభుత్వ సంస్థలు, విత్తన సాంకేతికత: పాలెం, నడిగడ్డ

లాభం తక్కువగా కనిపించే పంటల్లో కొత్త సాంకేతికతకు ప్రభుత్వ పరిశోధనే తొలి ఆసరా. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఇందుకు నిదర్శనం. పాలమూరు ఎర్రనేలల్లో వర్షాధారంగా పండే ఆముదానికి ఎండు తెగులు పెద్ద బెడద. దీని శిలీంద్రం నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది కనుక మందులకు సులువుగా లొంగదు; తట్టుకునే విత్తనమే నమ్మదగిన దారి. పాలెం శాస్త్రవేత్తలు రూపొందించిన క్రాంతి, హరిత రకాలు, పీసీహెచ్-111 సంకరం రైతులకు అందాయి. వీటిలో హరిత, పీసీహెచ్-111 ఎండు తెగులును తట్టుకుంటాయి. సంకరం కాని సూటి రకాల గింజను రైతు దాచుకుని మళ్లీ విత్తుకోగలడు; కంపెనీలకు వాటిపై ఆసక్తి తక్కువ కావడానికి అదీ ఒక కారణం.

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల ప్రాంతం, అంటే నడిగడ్డ, పత్తి సంకర విత్తనానికి పేరుపడింది. ఆడ వరుసల మొగ్గల్లో కేసరాలను సాయంత్రం చేత్తో తొలగించి, మర్నాటి ఉదయం మగ మొక్కల పుప్పొడిని అద్దుతారు. ఇక్కడ విత్తనం పండించేది కంపెనీల ఒప్పందాల మీదే. అయినా ప్రపంచంలో తొలి వాణిజ్య పత్తి సంకరమైన హెచ్-4ను 1970లో సూరత్ ప్రభుత్వ పరిశోధన క్షేత్రంలో సి.టి. పటేల్ రూపొందించారు. ఆ తర్వాత, జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తి సాగుకు కేంద్రం 2002లో అనుమతి ఇచ్చింది.