ఆది జాకెట్టు

"ఎవరి ఆదే ఇది?" అంది అమ్మ.

బనీను బట్టలా సాగే నిట్ బట్టతో గౌను కుట్టుకుందామని, పోస్టులో తెప్పించుకున్న విదేశీ పేపర్ ప్యాటర్న్‌ని రేపల్లె ఇంట్లో నేలమీద పరిచాను. ఉల్లిపొరలాంటి కాగితం, ఒకదానిలో ఒకటి ఇమిడిన సైజు గీతలు. బట్ట ఎంత సాగాలో చూసుకోవడానికి కవరు మీద ఒక కొలబద్ద కూడా అచ్చేశారు. ఎవరి ఆదో మాత్రం ఎక్కడా రాసిలేదు.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, ఏం అడిగినా పుస్తకాలు వెతకడమే వచ్చు. సైజులవారీ కాగితపు ప్యాటర్న్‌లని 1863లో మసాచుసెట్స్‌లో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ అమ్మకానికి పెట్టాడు. ఆ ఆలోచన భార్య ఎలెన్‌దంటారు. వ్యాపారానికి పెట్టింది ఆ ఇంటిపేరే, కీర్తి ఆయనకే. 1939-40లో అమెరికా వ్యవసాయశాఖ దాదాపు 15 వేలమంది స్త్రీలని కొలిపించి, 1941లో ఆ లెక్కలు అచ్చేసింది. తెల్లవాళ్ళు కానివాళ్ళ కొలతలు తుది లెక్కలోకి తీసుకోలేదు. సైజులు ఖాయం చేసే పనికి ఆ లెక్కలే ఆధారమయ్యాయి. అంటే అమ్మ అడిగిన ఆది ఏ ఒక్క మనిషిదీ కాదు, మనల్ని లెక్కలో వేసుకోని సగటుది.

మాకు ఆది అంటే ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు. రేపల్లె రైలెక్కి తెనాలిలో గుడ్డ కొని, టైలరుకి ఆ గుడ్డలో ఆది చుట్టి ఇచ్చేవాళ్ళం. 2022లో జిల్లాలు విడగొట్టాక రేపల్లె బాపట్ల జిల్లాలోకి పోయింది, తెనాలి గుంటూరులో ఉండిపోయింది. మావాళ్ళ జాకెట్లకి ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. మగ టైలరు టేపు ఒంటిని తాకకుండా ఆది అడ్డం నిలిచేది. ఇంట్లో కుట్టే ఆడవాళ్ళు దాన్నే పాత పేపరు మీద పరిచి, చుట్టూ గీసి కత్తిరించేవాళ్ళు. లోపల బట్ట ఎక్కువ వదిలి రెండు మూడు వరసల కుట్లు వేసేవాళ్ళు. కాన్పు అయితే ఒక వరస, వయసు పైబడితే ఇంకో వరస విప్పుకోవచ్చు. ఒళ్ళు మారుతుందని ముందే ఒప్పుకున్న కత్తిరింపు అది. అయితే ఇది అందరి చరిత్రా కాదు. ఆసాముల ఇంట్లో వాడిపారేసిన జాకెట్టు తొడుక్కున్న కూలి స్త్రీకి తనదంటూ ఆది ఎక్కడిది?

ఈ విద్య కాగితం మీదికి ఎక్కింది పరీక్షల వల్లే. టైలరింగ్ లోయర్, హయ్యర్ పాసైతే బళ్ళో కుట్టు టీచరుగా ఉద్యోగం వస్తుందని ఎందరో అమ్మాయిలు ఛాతీలో నాలుగో వంతు, ఆరో వంతు లెక్కలు వేసి, బొమ్మంత కాగితం జాకెట్లు రికార్డు పుస్తకాల్లో అంటించారు. ఇంట్లో కుట్టేదానికి మాత్రం సర్టిఫికెట్ లేదు, కూలీ లేదు. 1924లో గాంధీ యంత్రాల్ని విమర్శిస్తూ కుట్టుమిషన్‌కి మినహాయింపు ఇచ్చాడు. భార్య కుట్టుకష్టం చూడలేక, ప్రేమతో సింగర్ దాన్ని చేశాడన్నాడు. ఐజాక్ సింగర్ సంసారాల గురించి చదివినవాళ్ళకి నవ్వొస్తుంది. ప్రేమ అన్న మాట వచ్చినచోట కూలీ సంగతి ఎవరూ ఎత్తరు.

గౌను సంగతికొస్తే, చెయ్యి దూర్చగానే కుట్లు పటపటా తెగాయి. నేతబట్టకి పడుగు, పేక ఉంటాయి. నిట్ అంతా ఉచ్చుల అల్లిక, అన్నివైపులా సాగుతుంది. మా నల్ల కాలిమిషన్ వేసే తిన్నటి కుట్టు దాంతోపాటు సాగదు. పైగా ఇలాంటి బట్టని చాలాసార్లు ఒంటికంటే తక్కువ కొలతకే కత్తిరించాలి. వదులు వదలడం నేర్చిన అమ్మకి ఇది బొత్తిగా తలకిందుల లెక్క. ఆమె కాసేపు చూసి, నా పాత టీషర్టు తెచ్చి ఆ ప్యాటర్న్ మీద పరిచింది. భుజం దగ్గర లోపలికి గీసింది, చంక కిందికి దించింది. బట్టని రెండు చేతులా కాస్త సాగదీసి పట్టుకుని మళ్ళీ కుట్టింది. ఈసారి నిలిచింది.

నా పరిశోధనకి పనికొస్తుందని, తన అన్నిటికన్నా పాత ఆది చూపించమన్నాను.

"ఇంకెక్కడిదీ, మసిగుడ్డ చేశాగా" అంది.

పొయ్యి పక్కన మేకుకి వేలాడుతోంది. చంక దగ్గర, విప్పేసిన రెండు వరసల కుట్ల చిల్లులు ఇంకా కనిపిస్తున్నాయి.