గడిలో పట్టని ఇల్లు

పల్లెల్లో తిరిగే ఏఎన్ఎం సంచిలో మందుల కన్నా రిజిస్టర్ల బరువే ఎక్కువ. వాటిలో చాలాకాలం పెద్దపీట అర్హులైన దంపతుల రిజిస్టర్‌దే. ఇంటి నంబరు, భార్యాభర్తల పేర్లు, ఆమె వయసు, బతికున్న మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు, కడగొట్టు బిడ్డకు ఎన్నేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా లేదా. ఆ ఇంట్లో పూట గడుస్తోందా అని రాసుకునే గడి మాత్రం లేదు. పేదల గుమ్మంలో నిలబడి సర్కారు ఏమడిగిందో చూస్తే, ఆనాడు దానికేం కావాలో తెలిసిపోతుంది.

మొదట్లో అనుకున్నది ఇది కాదు. 1943లో వేసిన భోర్ కమిటీ, 1946 నాటి తన నివేదికలో రోగాల వేళ్లు పేదరికంలో, చాలని తిండిలో, చెడ్డ నీళ్లలో ఉన్నాయని చెప్పింది. ముందుగా 40 వేల మందికో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పెట్టమంది. 1952లో సమాజ వికాస పథకంతో పాటు కేంద్రాలు వచ్చాయి గానీ ఒక్కో కేంద్రం నెత్తిన బ్లాకు మొత్తం పడింది. అంత జనంలో ఎవరి ఇంటి సంగతి ఎవరికి తెలుస్తుంది? దాంతో ప్రతి పథకమూ తన మనిషిని తానే పంపుకుంది. 1958లో మలేరియా నిర్మూలన మొదలయ్యాక ఆ ఉద్యోగి పక్షానికోసారి వచ్చేవాడు. జ్వరమొచ్చిందా అని అడిగి, వేలు పొడిచి, నెత్తుటి చుక్క గాజుపలక మీద రాసుకుని, వచ్చినట్టు గోడ మీద తేదీ వేసి పోయేవాడు. మశూచి టీకాల వాళ్లు వేరు, కుటుంబ నియంత్రణ వాళ్లు వేరు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ వీళ్లందరినీ బహుళ ప్రయోజన కార్యకర్తలుగా కలపమంది. మనుషులు కలిశారు, రిజిస్టర్లు కలవలేదు.

ఆపైన టార్గెట్లు. నెలకిన్ని ‘కేసులు’ తేవాలన్నప్పుడు దంపతుల రిజిస్టర్ వేటగాడి చిట్టా అయింది. ఎమర్జెన్సీలో అది ఎంతదాకా వెళ్లిందో తెలిసిందే. 1996 ఏప్రిల్‌లో కేంద్రం టార్గెట్లు ఎత్తేసింది. అలవాటు అంత తేలిగ్గా పోతుందా? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో మూడింట రెండొంతుల మందికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే.

ఆ టార్గెట్ల కాలంలోనే మహారాష్ట్రలో మరో దారి కనిపించింది. 1970లో డాక్టర్ దంపతులు రజనీకాంత్, మేబెల్ ఆరోలే కరువు నేల జామ్‌ఖేడ్‌లో పని మొదలుపెట్టారు. ఊరి ఆడవాళ్లనే ఆరోగ్య కార్యకర్తలుగా తయారు చేశారు. వాళ్లలో చాలామందికి అక్షరం రాదు, దళితులూ ఉన్నారు. ఎవరింట బిడ్డ చిక్కిపోతోందో, ఎవరు ఏ బావి దగ్గరికి రాకూడదో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెలిసిన సంగతి కాగితం మీదే ఆగిపోలేదు. తాగునీటి బోర్లు దళితవాడల్లో వేయించారు, నీళ్లు కావాలంటే పైకులాల వాళ్లే అక్కడికి నడిచి రావాలి. నా లెక్కలో మన దేశంలో రోగి కులాన్ని తెలుసుకున్నందుకు ఆసుపత్రి చేసిన అసలైన వైద్యం అది.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ తెచ్చిన ‘ఆశా’ కార్యకర్తలకు ఈ ప్రయోగమూ ఒక ప్రేరణే. వెయ్యి మందికొకరు, ఆ ఊరి కోడలే. కానీ ఆమె వెనకే కంప్యూటరూ వచ్చింది. 2009 నుంచి గర్భిణుల పేర్లు, ఫోన్ నంబర్లు ఆన్‌లైన్‌కెక్కాయి. 2016లో మన ఏఎన్ఎంల చేతికి ‘అన్మోల్’ ట్యాబ్‌లొచ్చాయి. మధ్యలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వైద్య పథకం బీదరికం లెక్కంతా ఒక్క ప్రశ్నకు కుదించింది: తెల్లకార్డుందా?

ఇప్పుడు ముప్పై దాటినవాళ్ల కోసం జబ్బుల ముప్పు లెక్కగట్టేందుకు ఆశా నింపే సీబాక్ ఫారం ఉంది. వయసు, నడుము కొలత, పొగాకు, మందు, వ్యాయామం, ఇంట్లో బీపీ షుగర్లు ఎవరికున్నాయి. మార్కులు నాలుగు దాటితే పరీక్షకు ముందు వరసలో పంపాలి. పొగాకు గడిలో ‘ఎప్పుడూ లేదు’, ‘అప్పుడప్పుడు’, ‘రోజూ’ అనే ఉంటాయి. శ్రీకాకుళం తీరంలో పెద్ద వయసు ఆడవాళ్లు చుట్ట నిప్పు కొసను నోట్లోకి పెట్టి కాలుస్తారు. అడ్డపొగ అంటారు. అంగిలి క్యాన్సర్ తెచ్చేది అదే. చుట్ట ఏ కొస నోట్లో ఉందో ఆ గడికి తెలీదు.

అదే ఫారంలో వంట ఇంధనం ప్రశ్నా ఉంది.

“గ్యాసా, కట్టెలా అత్తా?”

“గ్యాసేనే. సిలిండరొచ్చింది గదా.”

పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్లు మరుగుతుంటాయి. ఆశా ఓసారి అటు చూసి, రెండింటికీ సున్నా చుట్టి, పక్కింటికి పోతుంది.